అల్ట్రాసోనిక్ కంపనంతో లోహం నిజంగా మెత్తబడుతుందా? కాలేజీ వర్క్‌షాప్‌లోనే తేల్చుకునే పద్ధతి

ఏటా ఫైనల్ ఇయర్ మొదలవగానే కనీసం ఒక బ్యాచ్ నా దగ్గరికి వచ్చి ఇదే మాట అంటుంది: "సార్, అల్ట్రాసోనిక్స్ పెడితే లోహం మెత్తబడుతుందంట కదా, దాని మీద ప్రాజెక్ట్ చేస్తాం." అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో నా ఉద్యోగం. అల్ట్రాసోనిక్స్ అంటే చెవికి అందనంత వేగంగా ఊగే కంపనం. చేయండి అనే చెప్తాను, కానీ ముందు మా మొదటి బ్యాచ్ కథ వినిపిస్తాను.

ఆ ఏడాది హార్న్ (కంపనాన్ని ముక్క దాకా మోసే కడ్డీ) కింద చిన్న అల్యూమినియం ముక్క పెట్టి, నెమ్మదిగా నొక్కుతూ స్విచ్ వేశాం. బలం కొలిచే లోడ్ సెల్ అంకె సగానికి దగ్గరగా పడిపోయింది. స్విచ్ తీస్తే మళ్ళీ లేచింది. పిల్లలు ఈలలు వేశారు. కంపనం వల్ల లోహం దాదాపు సగం మెత్తబడింది అని రిపోర్టులో ఘనంగా రాసేశాం. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: "మీ లోడ్ సెల్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుంది?" 80 సార్లు. "హార్న్ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది?" 20,000 సార్లు. "మరి ఆ మధ్యలో ముక్క మీద పడిన అసలు బలం ఎంతో మీకెలా తెలుసు?" పిల్లలతో పాటు నా నోరు కూడా పడిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా ప్రయోగం ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. పెద్ద ల్యాబ్ అవసరం లేదు. లేత్, మఫిల్ ఫర్నేస్, చిన్న ప్రెస్, ఓపిక ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు తెలియాల్సింది

లోహాన్ని కొద్దిగా నొక్కి వదిలితే మళ్ళీ మొదటి కొలతకు వస్తుంది. ఒక హద్దు దాటి నొక్కితే తిరిగి రాదు, శాశ్వతంగా వంగిపోతుంది. ఆ శాశ్వత మార్పునే ప్లాస్టిక్ డిఫార్మేషన్ అంటాం. అప్పుడు పరమాణువుల పొరలు మొత్తంగా ఒకదాని మీద ఒకటి జారవు. వరుసల్లో డిస్‌లొకేషన్ అనే తప్పు గీతలు ఉంటాయి, అవి మెల్లగా పాకుతాయి. పెద్ద జంపఖానాను ఒక్కసారిగా లాగడం కష్టం. ఒక చివర మడత లేపి దాన్ని రెండో చివరకి నెట్టుకుంటూ పోతే పిల్లవాడైనా జరపగలడు. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు వేర్వేరుగా చెప్పారు.

1955లో బ్లాహా, లాంగెనెకర్ అనే ఇద్దరు పరిశోధకులు జింకు ఏకస్ఫటికాలను (మొత్తం ఒకే స్ఫటికంగా పెరిగిన ముక్కలను) లాగుతూ వాటికి 800 కిలోహెర్ట్జ్ కంపనం ఇచ్చారు. కంపనం ఉన్నంతసేపూ లాగడానికి కావలసిన బలం తగ్గింది, ఆపగానే మళ్ళీ పెరిగింది. దీన్నే బ్లాహా ప్రభావం అనీ, అకౌస్టోప్లాస్టిక్ ప్రభావం అనీ అంటారు. వేడి లోహమంతటికీ సమంగా పోతుంది, ధ్వని శక్తిని మాత్రం డిస్‌లొకేషన్ల లాంటి లోపాలున్న చోట్లే ఎక్కువగా పీల్చుకుంటాయి, అందుకే చాలా తక్కువ శక్తితో పని జరుగుతోందని లాంగెనెకర్ 1966లో వాదించాడు. ఆ వాదన మీద చర్చ ఇంకా ముగియలేదు. ఎందుకంటే లోడ్ సెల్ అంకె తగ్గడానికి నాలుగు కారణాలు ఉండొచ్చు:

ఒకటి, ప్రెస్ ఇచ్చే బలానికి కంపన బలం తోడవడం. రెండు, ముక్కకూ హార్న్‌కూ మధ్య రాపిడి తగ్గడం. మూడు, ముక్క వేడెక్కడం. నాలుగు, లోహం లోపల డిస్‌లొకేషన్లు నిజంగానే సులువుగా కదలడం. మనకు కావాల్సింది నాలుగోది. కానీ మొదటి మూడూ దానికి అడ్డంగా నిలబడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పక్కకు జరపడమే ఈ ప్రయోగంలో అసలు పని.

మెట్టు 1: సామాను సమకూర్చుకోవడం

కొత్త అల్ట్రాసోనిక్ సెట్ కొనే స్తోమత చాలా కాలేజీలకు ఉండదు. మేం వేరే దారి చూసుకున్నాం. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కుల యూనిట్లు ఎన్నో పుట్టాయి, తర్వాత ఎన్నో మూతపడ్డాయి. మాస్కు చెవి తాడు అతికించే యంత్రంలో ఉండేది చాలావరకు 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ వెల్డరే. హిందూపురం వైపు అలా మూసేసిన ఒకాయన దగ్గర జనరేటర్, ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటును కంపనంగా మార్చేది), బూస్టర్ (ఆ కంపనాన్ని సరిచేసి హార్న్‌కు అందించేది) కలిపి పాత సామాను ధరకే తెచ్చుకున్నాం. గుడ్డలు కుట్టినట్టు అతికించే యంత్రం, ప్లాస్టిక్ బొమ్మలు అతికించే యంత్రం, ఏదైనా పనికొస్తుంది. పాత్రలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి మాత్రం వద్దు. దాని ట్రాన్స్‌డ్యూసర్‌ను బలంగా నొక్కడానికి తయారు చేయలేదు.

నొక్కడానికి మీ సివిల్ వాళ్ళ 400 కిలోన్యూటన్ యూటీఎం (లోహాన్ని లాగి, నొక్కి చూసే పరీక్షా యంత్రం) వైపు చూడకండి. మన ముక్కకు కావాల్సింది కొన్ని కిలోన్యూటన్లే. అంత పెద్ద యంత్రానికి అది ఒక శాతం చుట్టూనే, లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఉల్లిపాయలు తూచినట్టు ఉంటుంది. 10 కిలోన్యూటన్ల బెంచ్ యూటీఎం ఉంటే అదృష్టం. లేకపోతే స్క్రూ ప్రెస్‌కు గేర్ మోటార్ కట్టి, కింద 5 కిలోన్యూటన్ల ఎస్-టైప్ లోడ్ సెల్ పెట్టి, సెకనుకు 80 రీడింగులు తీసే మామూలు యాంప్లిఫయర్ బోర్డుతో కంప్యూటర్‌కు కలపండి. మేం చేసింది ఇదే.

ఇవి కాక: 1 మైక్రాన్ డయల్ గేజ్, కె-టైప్ థర్మోకపుల్, మెట్రాలజీ ల్యాబ్‌లోని మైక్రోస్కోప్, మాలిబ్డినం గ్రీజు, టెఫ్లాన్ టేపు.

భద్రత గురించి రెండు మాటలు. 20 కిలోహెర్ట్జ్ మనకు దాదాపు వినపడదు కానీ, ముక్క కింద ఏదైనా వదులైతే చెవులు చిల్లులు పడే కీచు శబ్దం వస్తుంది. ఇయర్ మఫ్ లేకుండా గదిలోకి ఎవరినీ రానివ్వను. నడుస్తున్న హార్న్‌ను వేలితో తాకితే చర్మం కాలుతుంది. ఇక అందరూ మరిచేది: ప్లగ్ తీసేసినా ట్రాన్స్‌డ్యూసర్‌లోని పింగాణీ రింగులు దెబ్బ తగిలినా, వేడెక్కినా తమంతట తామే వోల్టేజి పుట్టిస్తాయి. విప్పే ముందు రెండు టెర్మినల్స్‌ను వైరుతో షార్ట్ చేయాలి. మా లేత్ అన్న ఒకసారి చేయలేదు. ఆ రోజు నుంచి ట్రాన్స్‌డ్యూసర్ అనే మాట వింటేనే వెనక్కి జరుగుతాడు.

మెట్టు 2: హార్న్ తయారీ

హార్న్ అంటే ట్రాన్స్‌డ్యూసర్ కంపనాన్ని ముక్క దాకా మోసుకెళ్ళే కడ్డీ. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉండాలి. స్టీలు కడ్డీలో ధ్వని వేగం సెకనుకు సుమారు 5,100 మీటర్లు. దాన్ని 20,000తో భాగిస్తే 255 మిల్లీమీటర్లు, అందులో సగం 127.5 మిల్లీమీటర్లు.

సూటిగా ఆ కొలతకే కోయకండి. 132 దగ్గర కోసి బూస్టర్‌కు బిగించి, ఎన్ని హెర్ట్జ్ దగ్గర మోగుతోందో చూడండి. పొడవు ఎక్కువ కాబట్టి 20 కిలోహెర్ట్జ్ కంటే తక్కువ వస్తుంది. లేత్ మీద కొంచెం ఫేసింగ్ చేయండి (చివరి ముఖం చెక్కండి), మళ్ళీ చూడండి. ఒక మిల్లీమీటరు తగ్గిస్తే సుమారు 150 హెర్ట్జ్ పెరుగుతుంది. తీసింది మళ్ళీ అతికించలేం కాబట్టి చివరి మిల్లీమీటరులో పావు పావుగా తీయండి. జనరేటర్ మీద ఫ్రీక్వెన్సీ డిస్‌ప్లే లేకపోతే ఫంక్షన్ జనరేటర్, ఆసిలోస్కోప్ పెట్టి కరెంటు గరిష్ఠంగా వెళ్ళే చోటు పట్టుకోవచ్చు.

మెట్ల హార్న్ వద్దు. దాంతో కదలిక పెరుగుతుంది కానీ, మెట్టు దగ్గర ఒత్తిడి పేరుకుని పగుళ్ళు వస్తాయి. మనకు 6 మైక్రాన్ల కదలిక చాలు, దానికి సాదా సిలిండర్ సరిపోతుంది. అల్యూమినియం హార్న్ కూడా వద్దంటాను. అల్యూమినియం మీద అల్యూమినియం నొక్కి అల్ట్రాసోనిక్స్ ఇస్తే రెండూ అతుక్కుంటాయి. వెల్డింగ్ కంపెనీలు డబ్బు తీసుకుని చేసేది అదే, మీకు ఉచితంగా జరుగుతుంది.

హార్న్‌కూ బూస్టర్‌కూ మధ్య ముఖాలు చదునుగా, శుభ్రంగా ఉండాలి. సన్నగా గ్రీజు పూసి బిగించండి. అక్కడ దుమ్ము రేణువు ఉన్నా ముఖం నల్లబడుతుంది, రెండింటినీ బిగించే స్టడ్ వేడెక్కి చివరికి తెగుతుంది.

మెట్టు 3: ప్రెస్‌లో బిగించడం

చాలా ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి. ట్రాన్స్‌డ్యూసర్ వెనక నుంచి నొక్కితే పింగాణీ రింగులు పగులుతాయి. పగలకపోయినా కంపనం మొత్తం ప్రెస్‌లోకే పోతుంది. హార్న్‌లో, బూస్టర్‌లో కదలిక సున్నాగా ఉండే తలం ఒకటి ఉంటుంది. దాన్ని నోడ్ అంటారు. బూస్టర్ నడుమున కనిపించే రింగు సరిగ్గా ఆ నోడ్ మీదే ఉంటుంది. ప్రెస్ బలం ఆ రింగు ద్వారానే రావాలి.

కానీ వెల్డర్ బూస్టర్ రింగుల్లో రబ్బరు ఓ-రింగులు ఉంటాయి. నొక్కినప్పుడు అవీ కుంగుతాయి. అందుకే ముక్క ఎంత కుంగిందో ప్రెస్ స్కేల్ మీద చూస్తే తప్పు వస్తుంది. డయల్ గేజ్‌ను బూస్టర్ రింగుకూ కింది దిమ్మెకూ మధ్య కాకుండా, హార్న్ నోడ్ దగ్గర బిగించిన చిన్న క్లాంప్‌కూ దిమ్మెకూ మధ్య పెట్టండి.

ముక్క కింద గట్టిపరచిన స్టీలు దిమ్మె, దాని కింద లోడ్ సెల్. దిమ్మె ఎత్తు 127 మిల్లీమీటర్ల దగ్గర ఉండకూడదు. ఉంటే అదీ ఇంకో హార్న్‌లా తాళం అందుకుంటుంది.

మెట్టు 4: ముక్కలు

మొదటిసారికి స్వచ్ఛమైన అల్యూమినియం, అంటే 1050 లేదా 1100 రకం తీసుకోండి. పాత సామాన్ల అంగట్లో "అల్యూమినియం రాడ్" అని ఇచ్చేది చాలాసార్లు 6061, 6063 రకాల మిశ్రమ లోహం. అవి వేడి చేసినా, ఊరికే ఉంచినా గట్టిదనం మార్చుకుంటాయి, అది కంపనం వల్ల వచ్చిందో కాదో తెలియక తల పట్టుకుంటారు. అనుమానం ఉంటే 345 డిగ్రీల సెల్సియస్‌లో అనీల్ చేసి (మెత్తబడేలా వేడి చేసి చల్లార్చి) బ్రినెల్ కాఠిన్యం చూడండి. 1100 అయితే 23 దగ్గర వస్తుంది. అంతకంటే బాగా పైన ఉంటే తిరిగి ఇచ్చేయండి.

6 మిల్లీమీటర్ల వ్యాసం, 9 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సిలిండర్లు తిప్పించండి. కనీసం 30. రెండు చివరలూ సమాంతరంగా ఉండాలి, 0.02 మిల్లీమీటరు తేడా దాటకూడదు. వాలుగా ఉంటే హార్న్ ఒక అంచునే కొడుతుంది. అన్నిటినీ ఒకే బ్యాచ్‌గా, ఒకే ఫర్నేస్‌లో, ఒకే రోజు అనీల్ చేయండి. సగం ఇవాళ, సగం కరెంటు వచ్చాక రేపు అని చేస్తే అవి రెండు వేర్వేరు లోహాలు అయినట్టే.

లాగే పరీక్ష ఎందుకు చేయకూడదని అడుగుతారు. చేయొచ్చు. కానీ లాగే ముక్క పొడవుగా ఉంటుంది, తరంగం దాని పొడవునా సమంగా పంచుకోదు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటుంది. 9 మిల్లీమీటర్ల ముక్క 255 మిల్లీమీటర్ల తరంగం ముందు చాలా చిన్నది. అందులో అంతటా దాదాపు ఒకే కంపనం ఉందనుకోవచ్చు.

మెట్టు 5: కదలిక ఎంతో కొలవడం

జనరేటర్ మీద "70 శాతం" అని ఉంటే అది మైక్రాన్లు కాదు. హార్న్ అంచు మీద నల్ల రంగు పూసి, సూదితో మెరిసే చిన్న చుక్క పెట్టండి. మైక్రోస్కోప్‌లో చూస్తూ స్విచ్ వేస్తే చుక్క సాగి గీత అవుతుంది. గీత పొడవులోంచి చుక్క సైజు తీసేస్తే మొత్తం ఊపు వస్తుంది. జనరేటర్‌ను 30, 50, 70, 90 శాతాల దగ్గర పెట్టి పట్టిక రాసుకోండి.

గీత ఇచ్చేది పై కొస నుంచి కింది కొస దాకా ఉన్న ఊపు. మన లెక్కకు కావాల్సింది నడిమి నుంచి కొస దాకా, అంటే అందులో సగం. ఈ ఒక్క చోట తప్పితే రిపోర్టంతా రెండు రెట్లు తప్పుతుంది. ఇక్కడి నుంచి నేను కదలిక అంటే ఆ సగమే.

మెట్టు 6: కంపనం లేకుండా

ఐదు ముక్కలను గ్రీజు, టెఫ్లాన్ టేపు పెట్టి నిమిషానికి 1 మిల్లీమీటరు వేగంతో పావు వంతు ఎత్తు తగ్గేదాకా నొక్కండి. ఐదు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కూర్చోకపోతే ముందుకు వెళ్ళొద్దు, కారణం వెతకండి. ఈ మెట్టు విసుగ్గా ఉంటుంది, పిల్లలు దాటేయాలని చూస్తారు. కానీ తర్వాత వచ్చే ప్రతి అంకెనూ పోల్చేది వీటితోనే.

నొక్కేకొద్దీ ముక్క లావవుతుంది. ఘనపరిమాణం మారదు కాబట్టి అప్పటి వైశాల్యం అంటే మొదటి వైశాల్యం × మొదటి ఎత్తు ÷ ఇప్పటి ఎత్తు. బలాన్ని దానితో భాగిస్తే అసలు ప్రతిబలం వస్తుంది.

మెట్టు 7: కంపనంతో

కొత్త ముక్క పెట్టి అదే వేగంతో నొక్కడం మొదలుపెట్టండి. 5 శాతం కుంగాక కంపనం 3 సెకన్లు ఇవ్వండి, 10 సెకన్లు ఆపండి, మళ్ళీ 3 సెకన్లు. ఇలా చివరిదాకా. గ్రాఫ్ రంపపు పళ్ళలా వస్తుంది. మొత్తం సేపూ ఒకేసారి ఇవ్వొద్దు. వేడి పేరుకుంటుంది, పైగా ఒకే ముక్కలో ఉన్నప్పటి తీరు, లేనప్పటి తీరు పక్కపక్కన కనిపించే అవకాశం పోతుంది.

కంపనం ఆపాక లోడ్ వెంటనే పైకి దూకదు. ప్రెస్ కూడా ఒక స్ప్రింగే కదా, అది మళ్ళీ బిగుసుకునే దాకా కొన్ని సెకన్లు పడుతుంది. మీ ప్రెస్ చట్రం బలహీనమైతే ఇంకా ఎక్కువ. 10 సెకన్లు చాలకపోతే 15 చేయండి. ఆపినప్పటి గీతలను కలుపుకుంటూ పోతే, కంపనం లేకుండా ఉంటే లోడ్ ఎంతుండేదో తెలుస్తుంది. దానికీ గాటు అడుగుకూ మధ్య దూరమే మన కొలత.

ఇదే పనిని 2, 4, 6 మైక్రాన్ల కదలికలతో, ఒక్కోదానికి ఐదు ముక్కలతో చేయండి. మా ఊరి ఎండాకాలంలో వర్క్‌షాప్ రేకుల కింద మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. మేం పొద్దున 6 గంటలకే మొదలుపెట్టి 10కి ఆపేస్తాం, మా కోసమే కాదు ట్రాన్స్‌డ్యూసర్ కోసం కూడా. దాని పింగాణీ బాగా వేడెక్కితే శక్తి కోల్పోతుంది. కంప్రెసర్ గాలి దాని మీదికి తిప్పి పెట్టండి.

మెట్టు 8: ఎగ్జామినర్ ప్రశ్నకు జవాబు

శనక్కాయలు గోనె సంచిలో కుక్కడం చూశారు కదా. 60 కిలోల మనిషి సంచి మీద ఊరికే నిలబడితే ఒక మేరకే కుంగుతుంది. అదే మనిషి ఎగిరెగిరి తొక్కితే ఇంకా కుంగుతుంది. మనిషి బరువు పెరగలేదు. సంచి కింద కాటా పెట్టి సగటు చూస్తే అదే 60 కిలోలు. కానీ కాలు పడిన క్షణంలో సంచి మీద పడింది 60 కంటే చాలా ఎక్కువ. శనక్కాయలు మెత్తబడలేదు, బలమే క్షణక్షణం ఎక్కువ తక్కువ అయింది.

హార్న్ కింద జరిగేదీ అదే. ప్రతి ఊపులో ఒక క్షణం బలం పెరుగుతుంది, ఆ క్షణంలోనే లోహం కుంగుతుంది. మిగతా సమయమంతా బలం తక్కువ. సెకనుకు 80 సార్లు చూసే లోడ్ సెల్‌కు ఆ కొస కనిపించదు, సగటే కనిపిస్తుంది.

కొస ఎంతుండొచ్చో లెక్కకట్టొచ్చు. కంపనం వల్ల పుట్టే ప్రతిబలం = యంగ్ గుణకం × కదలిక ÷ ముక్క ఎత్తు. యంగ్ గుణకం అంటే లోహం ఎంత బిగువో చెప్పే అంకె. అల్యూమినియంకు అది చదరపు మిల్లీమీటరుకు 70,000 న్యూటన్లు. కదలిక 4 మైక్రాన్లు, అంటే 0.004 మిల్లీమీటరు. ఎత్తు 9. జవాబు చదరపు మిల్లీమీటరుకు సుమారు 31 న్యూటన్లు. ముక్క వైశాల్యం 28.3 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ఇది 880 న్యూటన్ల బలం.

ఇప్పుడు ఉదాహరణకు, కంపనం లేకుండా ఆ ముక్కను కుంగదీయడానికి చదరపు మిల్లీమీటరుకు 80 న్యూటన్లు కావాలనుకోండి. మొత్తం బలం సుమారు 2,260 న్యూటన్లు. 4 మైక్రాన్ల కంపనం ఇస్తే లోహం కొంచెం కూడా మెత్తబడకుండానే లోడ్ సెల్ 1,380 దాకా పడిపోవచ్చు. అంటే 39 శాతం తగ్గుదల! 6 మైక్రాన్లకు అదే లెక్క 58 శాతం ఇస్తుంది. మా మొదటి బ్యాచ్ ఈలలు వేసింది దీనికే.

కాబట్టి నియమం ఇది. ప్రతి కదలికకూ ఈ లెక్క వేసి హద్దుగా గ్రాఫ్ మీద గీయండి. కొలిచిన తగ్గుదల హద్దు లోపలే ఉంటే, లోహం మెత్తబడిందని రాయడానికి మీ దగ్గర ఆధారం లేదు. హద్దు దాటితే, దాటిన మేరకే వివరణ కావాలి. నిజానికి గ్రీజు, టేపు, దిమ్మె కూడా కొంత కదలికను మింగేస్తాయి, ముక్కకు చేరే కంపన బలం లెక్కకంటే తక్కువే ఉంటుంది. అందుకే హద్దు దాటిన ఫలితానికి విలువ ఎక్కువ. మీ కాలేజీలో వేగంగా స్పందించే పీజోఎలక్ట్రిక్ ఫోర్స్ సెన్సర్ ఉంటే ఈ లెక్క అవసరం లేదు, కొసను నేరుగా చూడొచ్చు. కొస కూడా మామూలు ప్రతిబలం కంటే కిందే ఉంటే, వేడి, రాపిడి వాటాలు తీసేశాక మిగిలిన మేరకు మెత్తబడినట్టే.

మెట్టు 9: వేడిని వేరుచేయడం

మన ముక్క బరువు 0.7 గ్రాము కూడా ఉండదు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.6 జౌల్ చాలు. కంపనంలోంచి 20 వాట్లు మాత్రమే ముక్కలో మిగిలినా, 3 సెకన్లలో 60 జౌళ్ళు. బయటికి పోకుండా ఉంటే దాదాపు 100 డిగ్రీలు పెరగాలి. హార్న్, దిమ్మె రెండూ వేడిని లాగేస్తాయి కాబట్టి అంత పెరగదు. కానీ కొలవకుండా "వేడి స్వల్పం" అని రాయొద్దు.

ముక్క నడుమున సన్నని రంధ్రం చేసి థర్మోకపుల్ కొన దూర్చండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ చూపిస్తే మెరిసే అల్యూమినియం మీద తప్పు అంకె వస్తుంది, అది ముక్క వేడి కాదు, ఎదురుగా ఉన్న మీ ముఖం వేడి చూపిస్తుంది. గన్ తప్ప వేరే లేకపోతే ముక్కకు మెరుపు లేని నల్ల రంగు వేయండి.

తర్వాత దిమ్మెను హీటర్‌తో వేడి చేసి, థర్మోకపుల్ చూపిన గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర కంపనం లేకుండా రెండు మూడు ముక్కలు నొక్కండి. వాటిలో ఎంత తగ్గిందో అది వేడి వాటా.

మెట్టు 10: రాపిడి

ఇందుకు రింగు పరీక్ష. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో ఉండాలి. 12, 6, 4 మిల్లీమీటర్లు సులువు. రింగును నొక్కితే, రాపిడి ఎక్కువైతే మధ్య రంధ్రం మూసుకుంటుంది, చాలా తక్కువైతే పెద్దదవుతుంది. కంపనంతో కొన్ని, లేకుండా కొన్ని ఒకే ఎత్తుకు నొక్కి రంధ్రాలు కొలిచి చూడండి. గ్రీజు లేకుండా చేస్తే తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. మంచి గ్రీజుతో తేడా దాదాపు లేకపోతే, సిలిండర్ ఫలితాల్లో రాపిడి వాటాను వదిలేయొచ్చు. సిలిండర్ నడుము పీపాలా ఉబ్బిందా లేదా అనేది కూడా అదే కథ చెబుతుంది.

మెట్టు 11: ఆపిన తర్వాత ఏం మిగిలింది

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. కంపనం ఆపాక మొదటి మూడు కారణాలూ పోతాయి. కంపన బలం లేదు, రాపిడి మామూలే, ముక్క సెకన్లలో చల్లారుతుంది. అయినా ఆ తర్వాతి గీత మెట్టు 6 గీత కంటే పైనో, కిందో ఉంటే లోహం లోపల ఏదో మారిపోయిందనే అర్థం. దానికి లోడ్ సెల్ నెమ్మది అనే సాకు లేదు.

పైన ఉంటే గట్టిపడినట్టు, కింద ఉంటే మెత్తబడి అలాగే మిగిలినట్టు. ప్రచురిత ఫలితాల్లో రెండూ ఉన్నాయి. లోహాన్ని బట్టి, కదలికను బట్టి మారుతుంది. బలమైన కంపనం ఎక్కువసేపు ఇస్తే కొత్త డిస్‌లొకేషన్లు పుట్టి ఒకదానికొకటి చిక్కుకుని గట్టిపడటం జరుగుతుంది. ముక్కలను నిలువుగా కోసి, పాలిష్ చేసి, మైక్రోహార్డ్‌నెస్ (చిన్న గుర్తు వేసి చూసే గట్టిదనం) తీయండి. ఒకే మేరకు కుంగిన రెండు ముక్కలు, ఒకటి కంపనంతో, ఒకటి లేకుండా. రెండింటి మీదా అవే చోట్ల పదేసి గుర్తులు.

ఇదంతా ఎక్కడ వాడతారు

మీ ఫోన్‌లోని చిప్‌ల లోపల చాలావాటిలో వెంట్రుక కంటే సన్నని బంగారు లేదా రాగి తీగలను ఇలాగే కంపనంతో అతికిస్తారు, సోల్డర్ లేకుండా. లిథియం బ్యాటరీలో పదుల పొరల రేకులను ఒక్క ట్యాబ్‌కు అతికించేదీ ఇదే. తీగ లాగే డైని కంపింపజేస్తే లాగే బలం తగ్గుతుంది. వెల్డింగ్ అంచులను అల్ట్రాసోనిక్ సుత్తితో కొట్టి పగుళ్ళు ఆలస్యం చేస్తారు. వీటిలో కొన్నింట్లో రాపిడి తగ్గడమే పెద్ద లాభం, దాన్ని తక్కువగా చూడక్కర్లేదు. ఫ్యాక్టరీ వాడికి లోడ్ తగ్గితే చాలు, ఎందుకు తగ్గిందో వాడి తలనొప్పి కాదు. రిపోర్టు రాసేవాడికి మాత్రం అదే అసలు సంగతి.

రిపోర్టులో ఒక పట్టిక తప్పకుండా పెట్టండి: ప్రతి కదలికకూ మొత్తం తగ్గుదల, కంపన బలం లెక్క హద్దు, వేడి వాటా, రాపిడి వాటా, మిగిలింది. చివరి గడిలో సున్నా వచ్చినా రాయండి. పోయినేడు ఒక బ్యాచ్‌కు 2 మైక్రాన్ల దగ్గర అలాగే వచ్చింది. "ఏమీ రాలేదు సార్" అని దిగాలుగా వచ్చారు. అదే పట్టిక చూసి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పిల్లలను చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడారు.

అల్యూమినియం అయ్యాక రాగి చేయండి. యంగ్ గుణకం సుమారు 1,20,000 కాబట్టి అదే 4 మైక్రాన్లకు హద్దు చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్లకు లేస్తుంది. హార్న్‌కు భారమూ ఎక్కువే, జనరేటర్ ఓవర్‌లోడ్ లైటు వెలిగితే కదలిక తగ్గించుకోండి. ముక్కలను మాత్రం పారేయకండి. ప్రతిదాన్నీ చిన్న కవర్లో వేసి, కదలిక, తేదీ, గ్రీజు రకం రాసి పెట్టండి. మా బీరువాలో ఆ మొదటి బ్యాచ్ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి, కవర్ల మీద ఏమీ రాయలేదు కాబట్టి ఎందుకూ పనికిరావు.